ఇంజను బోరు చేయించాక పొగ వస్తోందా? మళ్లీ విప్పే ముందు వరుసగా చేయవలసిన పరీక్షలు

‘పిస్టన్లు కొత్తవి, రింగులు కొత్తవి, బోరు కొత్తగా చేయించాం. అయినా పొగ ఎందుకు వస్తోంది?’ ఈ ప్రశ్న నాకు వినబడని వారం లేదు. (అరిగిన సిలిండర్ లోపలి గోడను కోసి సరిచేయడమే బోరు చేయడం.) అడిగేవారిలో సగంమంది అప్పటికే ఇంజను మళ్లీ దించమని మెకానిక్‌కు చెప్పేసి ఉంటారు. మిగతా సగం ‘నడిపితే అదే తగ్గిపోతుంది’ అన్న మాట నమ్మి నెలల తరబడి తిప్పుతుంటారు. రెండు దారుల్లోనూ బాగుపడే ఇంజన్లు పాడైపోతున్నాయి.

పొగ రంగు అందరూ చూస్తారు. అది ఏ సమయంలో వస్తోందో రాసిపెట్టుకునేవారు తక్కువ. విప్పాలా వద్దా, విప్పితే హెడ్డు (సిలిండర్ల పైన మూతలా ఉండే, వాల్వులున్న భాగం) వరకేనా, పిస్టన్ల దాకా వెళ్లాలా అన్నది తేల్చేది ఆ రెండో విషయమే. అందుకే ఈ మార్గదర్శిలో స్పానర్ పట్టే పని చివర్లో ఉంటుంది.

ఉదాహరణకు మారుతి 800 తీసుకుంటున్నాను. మూడు సిలిండర్లు, 796 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 72 మిల్లీమీటర్లు. పెట్రోలు కార్లన్నిటికీ వరుస ఇదే. డీజిల్, టర్బో బండ్లకు అదనంగా చూడవలసినవి పదో భాగంలో చెప్పాను.

1. వెంటనే ఇంజను ఆపవలసిన సందర్భాలు

కింది వాటిలో ఏ ఒక్కటి కనబడినా పరీక్షలు పక్కన పెట్టి ఇంజను ఆపండి.

- స్టార్టు చేసిన కొన్ని క్షణాల్లో ఆయిల్ ప్రెషర్ లైటు ఆరకపోవడం.
- వేడి చూపే ముల్లు ఎర్ర గీతవైపు వెళ్లడం.
- డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో కనబడటం.
- ఇంజనులో కొత్తగా లోహం కొట్టుకునే చప్పుడు.
- రాత్రంతా నిలిపిన బండికి ఉదయం తాళం తిప్పితే స్టార్టర్ ‘ధడ్’మని ఒకచోట ఆగిపోవడం.

చివరిదాన్ని చాలామంది బ్యాటరీ లోపం అనుకుంటారు. సిలిండర్‌లోకి కూలెంట్ (ఇంజనును చల్లబరిచే నీరు) దిగి నిలిచిపోయినా అలాగే ఆగుతుంది. నీరు నొక్కుకుపోదు. పదేపదే తాళం తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇగ్నిషన్ తీగ తీసేసి, ప్లగ్గులన్నీ విప్పి, ఒక్కసారి తిప్పి చూడండి. ఏ రంధ్రం నుంచి నీరు చిమ్మిందో ఆ సిలిండర్‌దే తప్పు.

మూసిన షెడ్డులో ఇంజను నడపవద్దు. ఎగ్జాస్ట్‌లో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయవద్దు.

2. దగ్గర పెట్టుకోవలసినవి

- ఒక నోట్‌బుక్, పెన్ను. ఈ జాబితాలో అన్నిటికన్నా ముఖ్యమైనవి ఇవే.
- వీడియో తీయడానికి ఫోను, వెనక బండిలో ఒక మనిషి.
- తెల్ల కాగితాలు, టార్చిలైటు.
- ప్లగ్ స్పానర్, కంప్రెషన్ గేజ్.
- ఫోనుకు తగిలించుకునే సన్నటి కెమెరా. ప్లగ్ రంధ్రంలోంచి దూరేది అయితే చాలు.
- సూదిలేని 5 మిల్లీలీటర్ల సిరంజి, కొంచెం ఇంజను ఆయిలు.
- బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో కంప్రెషన్, హెడ్ బోల్టుల టార్క్ (బిగింపు బలం), రింగుల గ్యాపు ఉన్న పేజీలు.
- లేతు పని చేసినవారు ఇచ్చిన బిల్లు, కొలతల చీటీ.

సిలిండర్‌లోకి గాలి పంపి కారుడు కొలిచే లీక్‌డౌన్ టెస్టర్, రేడియేటర్‌కు ఒత్తిడి పెట్టే పంపు సొంతంగా ఉండవలసిన పని లేదు. పెద్ద షెడ్లలో ఉంటాయి, అడిగి ఒక పూట వాడుకోవచ్చు.

3. భయపడనక్కరలేని పొగ ఏది?

ఇంజను బిగించేటప్పుడు సిలిండర్ గోడలకు, రింగులకు, వాల్వులకు ఆయిలు రాస్తారు. తొలి స్టార్టులో అది కాలి పొగ వస్తుంది. పది, ఇరవై నిమిషాల్లో బాగా తగ్గిపోవాలి.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పైభాగాన పడిన ఆయిలు, చేతి మరకలు, కొత్త గ్యాస్కెట్ పూత కూడా కాలతాయి. ఆ పొగ బానెట్ కింద నుంచి లేస్తుంది, సైలెన్సర్ చివర నుంచి కాదు. ఏ చోటు నుంచి లేస్తోందో చూస్తే చాలు.

చలికాలం ఉదయం సైలెన్సర్ నుంచి పలచటి తెల్ల ఆవిరి రావడం, చుక్కలుగా నీరు కారడం సహజం. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. చల్లటి గొట్టంలో ఆ ఆవిరి పేరుకుంటుంది. ఇంజను పూర్తిగా వేడెక్కాక మాయమైతే దాని గురించి ఆలోచించవద్దు.

ఇక చాలామంది మరచిపోయేది పాత సైలెన్సర్. ఇంజను బోరుకు వచ్చిందంటే నెలల తరబడి ఆయిలు తాగి ఉంటుంది. ఆ ఆయిలులో కొంత కాలకుండా సైలెన్సర్ లోపలి గదుల్లో చేరుతుంది. కొత్త ఇంజను వేడి తగిలినప్పుడు అదంతా పొగవుతుంది.

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక మారుతి 800 సంగతి ఇదే. బోరు చేయించి మూడు వారాలైంది. ఊళ్లో తిప్పుతుంటే పొగ లేదు. హైవే మీద అరగంట పోనిస్తే వెనక నీలం తెర లేచేది. కంప్రెషన్ మూడు సిలిండర్లలోనూ సమానంగా ఉంది. ప్లగ్గులు విప్పితే మూడూ పొడిగా, బిస్కెట్టు రంగులో ఉన్నాయి. లోపల ఆయిలు కాలుతుంటే ప్లగ్గులు అంత శుభ్రంగా ఉండవు. సైలెన్సర్ విప్పి, నోరు కిందికి ఉండేలా గోడకు ఆనించి, కింద పాత పళ్లెం పెట్టాం. మర్నాటికి పళ్లెం అడుగు కనబడలేదు. తారులాంటి చిక్కటి నలుపు, పైన ఆయిలు నిగనిగ. వేరే సైలెన్సర్ బిగించి అదే హైవే మీద అదే దూరం నడిపాం. పొగ లేదు. ఆ ఇంజనును అప్పటికే మళ్లీ దించడానికి బేరం కుదిరి ఉంది.

అందుచేత, ప్లగ్గులు శుభ్రంగా ఉండి, బాగా వేడెక్కాక మాత్రమే పొగ వస్తుంటే మొదటి అనుమానం సైలెన్సర్ మీదే పెట్టుకోండి. పాత హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య పెట్టేది) పోయి కూలెంట్ కాలిన బండి అయితే ఇదే విధంగా తెల్ల పొగ కొన్నాళ్లు వస్తుంది.

4. రంగు, వాసన, కాగితం

నీలం పొగ అంటే ఇంజను ఆయిలు. ముక్కును కాల్చే ఘాటైన మాడు వాసన ఉంటుంది. గాలిలో చాలాసేపు వేలాడుతుంది.

చిక్కటి తెల్ల పొగ, వేడెక్కాక కూడా ఆగకుండా, కాస్త తియ్యటి వాసనతో వస్తే కూలెంట్. మామూలు నీరు పోసిన బండి అయితే తియ్యదనం ఉండదు, వాసన మీద ఆధారపడవద్దు.

నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. పచ్చి పెట్రోలు వాసన, గొట్టం చివర పొడి మసి.

పల్చటి నీలానికీ తెలుపుకీ మధ్య తేడా కంటికి దొరకనప్పుడు తెల్ల కాగితం పని చేస్తుంది. సైలెన్సర్ చివరకు జానెడు దూరంలో ఒక నిమిషం పట్టుకుని, తర్వాత నీడలో ఆరబెట్టండి. నీటి మరక ఆరిపోతుంది. ఆయిలు మరక ఆరదు, కాగితాన్ని దీపానికి ఎదురుగా పెడితే ఆ చోట వెలుతురు దూరుతుంది. మసి పొడి చుక్కలుగా పడుతుంది, వేలితో రాస్తే పరుచుకుంటుంది.

5. నాలుగు పరీక్షలు: పొగ ఎప్పుడు వస్తోంది?

ఇది తొందరపడకుండా చేయవలసిన పని. ఒక్కో పరీక్ష రెండుసార్లు, వేర్వేరు రోజుల్లో చేయండి. ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, ఇంజను చల్లగా ఉందో వేడిగా ఉందో, పొగ ఎన్ని క్షణాలు ఉందో రాయండి.

మొదటి పరీక్ష తెల్లవారి స్టార్టు. రాత్రంతా నిలిపిన బండిని ఎక్సలేటర్ తొక్కకుండా స్టార్టు చేయండి. వెనక నిలబడ్డవారు వీడియో తీయాలి. ఒక్కసారి నీలం పొగ ఊది కొన్ని క్షణాల్లో ఆగిపోతే వాల్వ్ సీళ్ల (వాల్వు కాడ వెంట ఆయిలు దిగకుండా ఆపేవి) గుండా ఆయిలు రాత్రంతా చుక్కచుక్కగా దిగిందని అర్థం.

రెండో పరీక్ష, ఐడిలింగ్ తర్వాత రేజ్ చేయడం. ఇంజను వేడెక్కాక ఐదు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి, ఒక్కసారి ఎక్సలేటర్ తొక్కి వదలండి. ఐడిలింగ్‌లో థ్రాటిల్ (గాలి దారిలోని తలుపు) మూసి ఉంటుంది కనుక ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టంలో) పీల్పు బలంగా ఉంటుంది. గైడ్లు (వాల్వు కాడ కదిలే గొట్టాలు) వదులైనా, సీళ్లు దెబ్బతిన్నా ఆ పీల్పుకు ఆయిలు దిగి పేరుకుంటుంది. తొక్కగానే ఒక పెద్ద ఊపు పొగ వచ్చి, రెండోసారి తొక్కినప్పుడు తగ్గితే అనుమానం హెడ్డు మీదికి వెళుతుంది.

మూడో పరీక్ష లోడు మీద. మూడో గేరులో, ఎక్కుడు దారిలో, ఎక్సలేటర్ బాగా తొక్కి పదిహేను ఇరవై క్షణాలు లాగండి. వెనక బండిలోవారు చూడాలి. తొక్కినంతసేపూ నీలం పొగ వస్తుంటే అనుమానం రింగులు, బోరు, లేదా ఇంజను లోపలి గాలి బయటికి పోయే దారి (పీసీవీ) మీద.

నాలుగో పరీక్ష దిగుడు దారి. గేరులోనే ఉంచి, ఎక్సలేటర్ వదిలి దిగండి. దిగాక తొక్కండి. ఘాట్ రోడ్డు అక్కరలేదు, వాహనాలు పలచగా ఉన్న వేళ ఒక పొడవైన ఫ్లైఓవర్ చాలు. తొక్కిన క్షణాన ఊపుగా పొగ వస్తే, లోపలికి పీల్చిన ఆయిలు అది.

ఇప్పుడు నాలుగూ కలిపి చదవండి.

- ఒకటి, రెండు, నాలుగులో పొగ ఉండి మూడులో లేకపోతే: వాల్వ్ సీళ్లు, గైడ్లు. హెడ్డు పనితో సరిపోయే అవకాశం ఎక్కువ.
- మూడులో మాత్రమే ఉంటే: కంప్రెషన్ రింగులు ఇంకా సెట్ కాలేదు (గోడకు సరిగా ఆని కూర్చోలేదు), లేదా పీసీవీ మార్గం మూసుకుంది.
- నాలుగింటిలోనూ ఉంటే: ఆయిల్ రింగు. అన్నిటికన్నా పెద్ద పని ఇదే, అందుకే దీన్ని చివరన, మిగతావన్నీ కొట్టివేశాకే నిర్ణయించాలి.
- ఏ పరీక్షలోనూ లేక, అరగంట తర్వాత మాత్రమే వస్తే: పాత సైలెన్సర్.

6. విప్పకుండానే సరిచేయగలిగేవి

సమతలం మీద బండి నిలిపి డిప్‌స్టిక్ చూడండి. కొత్త ఇంజను కదా అని ఒక అర లీటరు ఎక్కువ పోయడం సాధారణంగా జరిగే పొరపాటు. ఆయిలు పై గీత దాటితే తగినంత తీసేసి పరీక్షలు మళ్లీ చేయండి.

తర్వాత పీసీవీ వాల్వు. ఇంజను లోపల చేరే గ్యాసును ఇన్‌టేక్‌లోకి పంపేది ఇదే. గొట్టాలు తారుమారుగా తగిలించినా, వాల్వు మసితో బిగుసుకున్నా, టాపెట్ కవర్ లోపల ఆయిలును అడ్డుకునే రేకు శుభ్రం చేసేటప్పుడు ఊడిపోయినా ఆయిలు నేరుగా ఇన్‌టేక్‌లోకి పోతుంది. పరీక్ష సులువు. ఆ గొట్టాన్ని ఇన్‌టేక్ దగ్గర ఊడదీసి, ఇన్‌టేక్ వైపు రంధ్రాన్ని గట్టిగా మూసి, గొట్టం చివరను ఒక ఖాళీ సీసాలో పెట్టి కట్టండి. సీసా మూతి బిగించవద్దు, గాలి పోవాలి. పది కిలోమీటర్లు నడపండి. పొగ ఆగిపోతే రింగులది తప్పు కాదు. సీసాలో ఆయిలు ఎంత చేరిందో చూసి, కవర్ విప్పి ఆ రేకును వెతకండి. పరీక్ష అయ్యాక గొట్టాన్ని యథాస్థానంలో పెట్టడం మరచిపోవద్దు.

7. నల్ల పొగ ఉంటే దాన్నే ముందు ఆపండి

నల్ల పొగను అందరూ చిన్నదిగా చూస్తారు. ‘ట్యూనింగ్ తర్వాత చూసుకుందాం’ అంటారు. కొత్త ఇంజనులో తొందరపడవలసింది దీని గురించే. ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడ మీది ఆయిలు పొరను కడిగేస్తుంది. ఆయిలు లేని గోడ మీద కొత్త రింగు రాసుకుంటే గీతలు పడతాయి. ఒక వారం నల్ల పొగతో తిప్పితే, తర్వాత నీలం పొగ శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన గట్టిగా ఉండి, ఆయిలు మట్టం పెరిగి ఉంటే ముందు తప్పు సరిచేసి, వెంటనే ఆయిలు, ఫిల్టర్ మార్చండి.

కార్బురేటర్ బండిలో చూడవలసినవి: చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా, ఫ్లోట్ మట్టం సరిగా ఉందా, నీడిల్ వాల్వు కారుతోందా, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉందా.

ఇంజెక్షన్ బండిలో మొదట కూలెంట్ వేడి చూపే సెన్సర్ తీగ చూడండి. ఇంజను ఎక్కించే హడావిడిలో దాన్ని తగిలించడం మరచిపోతారు. ఇంజను చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది. ఆ తర్వాత ఆక్సిజన్ సెన్సర్, కారుతున్న ఇంజెక్టర్.

8. తెల్ల పొగ ఆగకపోతే

- చల్లటి ఇంజనులో కూలెంట్ మట్టానికి గీత పెట్టండి. వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ చల్లబడ్డాక చూడండి.
- బయట ఎక్కడా తడి లేకుండా మట్టం తగ్గితే లోపలికే పోతోంది.
- చల్లటి ఇంజనుకు రేడియేటర్ ద్వారా, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి పెట్టి అరగంట ఉంచండి. ముల్లు దిగిపోతే ప్లగ్గులు తీసి కెమెరాతో ఏ సిలిండర్ తడిసిందో చూడండి.
- ఇంజను నడుస్తుండగా రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తే, గ్యాసును పట్టే నీలి ద్రవంతో పరీక్షించండి. ద్రవం పసుపు రంగుకు మారితే మండిన గ్యాసు కూలెంట్‌లోకి వస్తోంది.

కొత్తగా కూలెంట్ నింపిన ఇంజనులో గాలి చిక్కుకుని ఉంటుంది. మొదటి ఒకటి రెండు రోజుల బుడగలు చూసి గ్యాస్కెట్ పోయిందని నిర్ణయించవద్దు. హీటర్ పూర్తిగా తెరిచి, ముందు గాలి తీయించండి.

తప్పు గ్యాస్కెట్‌దే అని తేలితే, కొత్తది వేసి బిగించడంతో పని ముగియదు. ఎందుకు పోయిందో కనిపెట్టకపోతే అది కూడా పోతుంది. హెడ్డు మీద, బ్లాకు మీద నిటారు పట్టీని అడ్డంగా, నిలువుగా, మూలమూలలకు పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చండి. చిన్న ఇంజన్లలో సాధారణంగా 0.05 మిల్లీమీటర్ల ఆకు దూరకూడదు. బోల్టు రంధ్రాల్లో ఆయిలో నీరో నిలిచి ఉంటే టార్క్ రెంచి ‘టక్’మన్నా హెడ్డు బిగిసినట్టు కాదు. ద్రవం అడుగున నొక్కుకుని బ్లాకు చిట్లవచ్చు కూడా. రంధ్రాలన్నీ గాలితో ఊది ఆరబెట్టాలి. బోల్టులు మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతలుగా బిగించాలి. ఒకసారి సాగే రకం బోల్టులైతే పాతవి మళ్లీ వాడకూడదు. హెడ్డుకు పగులు పరీక్ష చేయించారో లేదో లేతువారిని అడగండి.

9. నీలం పొగకు మూలం సిలిండర్‌లో వెతకడం

ప్లగ్గులు విప్పి, కాగితం మీద 1, 2, 3 అని రాసి వరుసగా పెట్టండి. ఒక్కటే తడిగా ఉంటే ఆ సిలిండర్‌లో ఒక భాగం తప్పు. మూడూ ఒకేలా తడిస్తే పీసీవీ, ఆయిలు మట్టం, హోనింగ్ (బోరు గోడను రాతితో రుద్ది సన్నటి గీతలు పెట్టడం) లాంటి ఉమ్మడి కారణం.

ఇప్పుడు కెమెరా దించండి. పిస్టన్ తలను జాగ్రత్తగా చూడాలి. అంచు చుట్టూ వేలి వెడల్పున మసి కడిగినట్టు శుభ్రంగా, తడిగా మెరుస్తుంటే ఆయిలు రింగుల పక్కనుంచి పైకి వస్తోంది. ఇన్‌టేక్ వాల్వు కింద ఒక వైపే తడి ఉంటే పైనుంచి దిగుతోంది. మొత్తం తల ఆవిరితో కడిగినంత శుభ్రంగా ఉంటే అది కూలెంట్. గోడ మీద హోనింగ్ గీతలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి ఖండిస్తూ కనబడాలి. వాటి స్థానంలో అద్దంలాంటి మెరుపుంటే బోరు నున్నబడిపోయింది.

కంప్రెషన్ పరీక్ష: వేడి ఇంజను, నిండా చార్జి ఉన్న బ్యాటరీ, ప్లగ్గులన్నీ విప్పి, పెట్రోలు, ఇగ్నిషన్ ఆపి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కు ఐదారు చుట్లు. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉండాలి. రింగులు సెట్ కాని ఇంజనులో అంకె మాన్యువల్ కన్నా తక్కువ రావడం సహజం, తేడా మాత్రం ఉండకూడదు. తక్కువ ఉన్న సిలిండర్‌లో సిరంజితో 5 మిల్లీలీటర్ల ఆయిలు వేసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్.

ఇక్కడే చాలామంది మోసపోతారు. కంప్రెషన్ బాగుంది కనుక రింగులు బాగున్నాయి అనుకుంటారు. కంప్రెషన్ పట్టేది పై రెండు రింగులు. ఆయిలును గోరి కిందికి పంపేది ముఖ్యంగా మూడోదైన ఆయిల్ రింగు. అది తప్పుగా కూర్చున్నా గేజ్ మీద ముల్లు హాయిగా పైకి లేస్తుంది.

లీక్‌డౌన్ టెస్టర్ దొరికితే ఇంకా స్పష్టత వస్తుంది. పిస్టన్ పై చివర ఉండగా గాలి పంపి, ‘సుయ్’మనే చప్పుడు ఎక్కడినుంచో వినండి. ఆయిలు పోసే మూత దగ్గరైతే రింగులు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలైతే గ్యాస్కెట్. పది శాతం లోపు కారితే మంచి ఇంజను. ఇరవై దాటితే కారణం వెతకాలి.

హెడ్డు విప్పవలసి వస్తే చూడవలసినవి:

- వాల్వ్ సీళ్లు పాతవే వేశారా? కొన్ని ఇంజన్లలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ సీళ్లు వేర్వేరు, తారుమారయ్యాయా?
- సీలు పెదవి తెగిందా? వాల్వు కాడ చివర లాక్ గాడి అంచు పదునుగా ఉంటుంది. పలచటి ప్లాస్టిక్ తొడుగు వేయకుండా సీలులోంచి వాల్వు దూర్చితే అక్కడే తెగుతుంది.
- గైడ్లు కొలిచారా? వదులు గైడుకు కొత్త సీలు వేసినా కొద్ది రోజులే ఆగుతుంది.

పిస్టన్లు తీయవలసి వస్తే:

- ఆయిల్ రింగు మధ్య స్ప్రింగు చివరలు ఒకదానికొకటి ఆనాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే ఆ రింగు గోడకు ఆనదు. నాలుగు పరీక్షల్లోనూ పొగ వచ్చిన ఇంజన్లలో నాకు ఎక్కువసార్లు కనబడిన తప్పు ఇదే.
- రింగు మీద గుర్తు పైకి ఉండాలి. రెండో రింగు తలకిందులైతే ఆయిలును కిందికి గోరడానికి బదులు పైకి నెడుతుంది.
- రింగుల నోళ్లు ఒకే వరుసలో ఉండకూడదు.
- రింగును బోరులో పెట్టి నోటి ఖాళీ కొలవాలి. మాన్యువల్ లేకపోతే బోరు వంద మిల్లీమీటర్లకు 0.4 మిల్లీమీటర్ల లెక్క. మారుతి 800 బోరుకు సుమారు 0.27.
- పిస్టన్ ఓవర్‌సైజు 0.25 అయి, రింగులు 0.50వి వేశారా? అట్ట పెట్టె మీది అంకెను నమ్మకుండా కొలిచి చూడండి.
- హోనింగ్ తర్వాత బోరును డీజిల్‌తో తుడిచి వదిలేశారా? రాతిపొడి డీజిల్‌తో పోదు. వేడి సబ్బునీటితో బ్రష్ పెట్టి కడిగి, ఆయిలు అద్దిన తెల్ల గుడ్డ తెల్లగానే వచ్చేదాకా తుడవాలి.

10. డీజిల్, టర్బో బండ్లకు అదనంగా

డీజిల్ ఇంజనులో తెల్ల పొగ కూలెంటే కానక్కరలేదు. మండని డీజిల్ కూడా తెల్లగానే వస్తుంది, కళ్లు మండుతాయి. పంపు టైమింగ్ ఆలస్యం కావడం, గ్లో ప్లగ్గులు పనిచేయకపోవడం, డీజిల్ గొట్టాల్లో గాలి చూడండి. కొన్ని డీజిల్ ఇంజన్లకు హెడ్ గ్యాస్కెట్ వేర్వేరు మందాల్లో వస్తుంది. పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తోందో కొలిచి ఎంచుకోవాలి. మందం ఎక్కువైతే కంప్రెషన్ తగ్గి తెల్ల పొగ ఆగదు.

టర్బో నుంచి ఆయిలు తిరిగి కిందికి దిగే గొట్టంలో గ్యాస్కెట్ పేస్టు ఉబ్బి అడ్డుపడితే, ఆయిలు సీళ్లను దాటి ఇన్‌టేక్‌లోకి, ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. టర్బో మార్చకముందు ఆ గొట్టం విప్పి చూడండి.

పాత టర్బో పోయిన బండి అయితే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) తప్పనిసరిగా విప్పి కడగాలి. అందులో చేరిన ఆయిలును ఇంజను ఒక్కసారిగా పీల్చితే దాన్నే ఇంధనంగా కాలుస్తూ, తాళం తీసినా ఆగకుండా వేగం పెంచుకుంటూ పోతుంది. మాన్యువల్ గేరు బండి అయితే పై గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలి ఆపాలి. గాలి దారిని చెక్కముక్కతో మూయవచ్చు. చేయి మాత్రం ఎప్పుడూ అడ్డం పెట్టవద్దు. చప్పుడు పెరిగిపోయి ఇంజను పేలేలా ఉంటే దూరంగా వెళ్లిపోండి.

11. రింగులు సెట్ అయ్యేలా నడపడం

మూడో పరీక్షలో మాత్రమే కొద్దిగా పొగ ఉండి, మిగతావన్నీ బాగుంటే, ఇంజనుకు అవకాశం ఇవ్వండి. మండే గ్యాసు ఒత్తిడి రింగు వెనక్కి చేరి దాన్ని గోడకు నొక్కుతుంది. లోడు లేనిదే ఆ ఒత్తిడి రాదు. కొత్త ఇంజనును గంటల తరబడి ఐడిలింగ్‌లో వదిలే అలవాటు కొన్ని షెడ్లలో ఇంకా ఉంది. బోరు నున్నబడటానికి అంతకు మించిన దగ్గరి దారి లేదు.

- తొలి స్టార్టులో ఆయిల్ ప్రెషర్, కారుడు చూసుకుని, వేడెక్కగానే రోడ్డెక్కండి.
- మాన్యువల్‌లో చెప్పిన చిక్కదనం ఉన్న మినరల్ ఆయిలు పోయండి. సింథటిక్ ఆయిలు తర్వాత చూసుకోవచ్చు.
- మూడో గేరులో 30 నుంచి 50 కిలోమీటర్ల వేగానికి కాస్త బలంగా లాగి, ఎక్సలేటర్ వదిలి గేరులోనే తగ్గనివ్వండి. పది, పన్నెండుసార్లు చేయండి. మధ్యలో వేడి ముల్లు చూస్తుండండి.
- మొదటి 500 కిలోమీటర్లు ఒకే వేగంతో ఎక్కువసేపు పోవద్దు. ఇంజనును చివరికంటా గుంజవద్దు.
- మొదటి వంద కిలోమీటర్లలో ఒకసారి, 500 దగ్గర ఒకసారి, 1,000 దగ్గర ఒకసారి ఆయిలు, ఫిల్టర్ మార్చండి.

పొగ కంటికి మోసం చేయవచ్చు, ఆయిలు కొలత చేయదు. 500 కిలోమీటర్ల దగ్గర ఆయిలును పై గీతకు సరిగ్గా నింపి, తర్వాతి 500 కిలోమీటర్లలో ఎంత పోయవలసి వచ్చిందో మిల్లీలీటర్లలో రాయండి. 1,000 నుంచి 1,500 వరకు మళ్లీ అలాగే. రెండో అంకె మొదటిదానికన్నా తక్కువైతే రింగులు సెట్ అవుతున్నాయి, నడపండి. రెండూ సమానంగా ఉండి, 500 కిలోమీటర్లకు పావు లీటరు మించుతుంటే ఇక ఎదురుచూడటంలో అర్థం లేదు. నాలుగు పరీక్షల పేజీ, ప్లగ్గుల ఫొటోలు, ఈ రెండు అంకెలు మెకానిక్ ముందు పెట్టి, హెడ్డు మాత్రమే విప్పాలో పిస్టన్ల దాకా వెళ్లాలో ఇద్దరూ కలిసి తేల్చుకోండి. బిల్లు మీద వారంటీ గడువు రాసి ఉంటే, అది ముగియకముందే ఈ కొలతలు పూర్తి చేయండి.